వాననాడు తెరిచిన తలుపు

ఈ ఉదయం చిన్న దుకాణాలు నడుపుకొనే సహోదరీ సహోదరులతో కొన్ని మాటలు పంచుకోవాలని ఆశిస్తున్నాను. మీది కిరాణా కొట్టు కావచ్చు, టీ బడ్డీ కావచ్చు, మందుల షాపు కావచ్చు. కొట్టు లేనివారు కూడా శ్రద్ధగా వినండి. వాన కురిసినప్పుడు ఏదో ఒక కొట్టు అరుగు ఎక్కనివారు మనలో ఎవరున్నారు?

మన ప్రాంతానికి జూన్ నెలలో నైరుతి ఋతుపవనాలు వస్తాయి. అవి వెనుదిరిగాక, అక్టోబరు నుండి డిసెంబరు వరకు కోస్తాకు తుఫానుల భయం. వాన పట్టిందంటే బేరం పడిపోతుంది. అద్దె ఆగదు, తెచ్చిన సరుకు బాకీ ఆగదు. అటువంటి దినాన కొట్టువాని మనస్సు ముడుచుకుపోతుంది. "కొనేవాళ్ళు లేరు గానీ నిలబడేవాళ్ళు మాత్రం వచ్చేశారు" అని విసుగుకొంటాడు. ఆ విసుగును గురించే నేడు ఆలోచించుదాము.

అపొస్తలుల కార్యముల గ్రంథము 27, 28 అధ్యాయాలు ఇంటి దగ్గర చదవండి. పౌలు ఎక్కిన ఓడ తుఫానులో పగిలిపోయింది. అందులోని 276 మంది కొందరు ఈదుతూ, కొందరు చెక్కలు పట్టుకొని ఒడ్డు చేరారు. అది మెలితే ద్వీపం, నేటి మాల్టా. పైన వాన, ఒళ్ళంతా చలి. వచ్చినవారిలో ఖైదీలున్నారు, సైనికులున్నారు. ఆ ద్వీపవాసులకు వీరెవరో తెలియదు. అయినను "మీరెవరు? మీ వల్ల మాకేమి లాభం?" అని నిలదీయలేదు. ముందుగా మంట వేశారు, అందరినీ దగ్గరకు రానిచ్చారు.

మరి మన కొట్టులో ఆ మంట ఏది?

మొదటిది, గడప. నున్నని టైల్స్ మీద తడి పడితే పెద్దవారు జారి పడతారు. వాకిట్లో ఒక గోనెపట్టా వేయండి. అది నానిపోతే మార్చడానికి మరొకటి ఉంచండి. గొడుగులు పెట్టుకోవడానికి ఒక పాత బకెట్టు చాలు. చూరు నీళ్ళు వచ్చినవారి నెత్తిన పడకుండా ముందుకు ఒక పట్టా కట్టండి. దాని కింద ఒక బల్ల వేయండి.

రెండవది, సరుకు. ఉప్పు, పంచదార గాలిలోని తేమను పీల్చుకొంటాయి. వాటిని మూత గట్టిగా పట్టే డబ్బాల్లో ఉంచండి. బియ్యం, పప్పు బస్తాలను నేల మీద కాక చెక్కల మీద నిలపండి. తడిసి వచ్చినవానికి మెత్తబడిన సరుకు ఇవ్వడం మర్యాద కాదు.

మూడవది, వెలుగు. మబ్బు పట్టిన పగలు కొట్టు చీకటిగా ఉంటే మూసి ఉందనుకొని వెళ్ళిపోతారు. చార్జింగు లైటు ఒకటి సిద్ధంగా పెట్టుకోండి. ఫ్రిజ్ వైరు, స్విచ్‌బోర్డు తడి తగలకుండా చూడండి. తడిచేతులతో ఎవరూ వాటిని ముట్టకూడదు. తుఫానులో సిగ్నలు పోతే ఫోనులో డబ్బు చెల్లించడం కుదరదు. అందుచేత చిల్లర, ఖాతా పుస్తకం దగ్గర ఉంచుకోండి.

నాలుగవది, ధర. ఇది హృదయాన్ని పరీక్షించే సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. పాలు, మంచినీళ్ళు ఎక్కువ ధరలకు అమ్మారన్న వార్తలు అప్పట్లో వచ్చాయి. పాకెట్టు మీద ముద్రించిన ధర కంటే ఎక్కువ తీసుకోవడం చట్టప్రకారం నేరం. చట్టం సంగతి అటుంచండి. కొవ్వొత్తి కోసం తడుస్తూ వచ్చిన తల్లి ముఖంలోకి చూచి ఆ ధర చెప్పగలమా? పాల పాకెట్లు తక్కువగా ఉంటే ఇంటికి ఒకటి చొప్పున ఇవ్వండి. పసిబిడ్డలున్న ఇంటిని మరువకండి.

చివరిది, ఏమీ కొననివాడు. కూలి పని ఆగిపోయి, జేబులో పైసా లేక మీ పట్టా కింద నిలబడినవాడు. పిడుగులు పడేటప్పుడు అతణ్ణి "పక్కకు జరుగు" అంటే ఎక్కడికి పోతాడు? చెట్టు కిందికి. పిడుగుపాటుకు చెట్టు కింద నిలబడి ఎందరో ప్రాణాలు పోగొట్టుకొన్నారు. ఆ వేళ "లోపలికి రండయ్యా, కూర్చోండి" అనే మాట ఒక ప్రాణమంత విలువైనది.

అతడు రేపు మీ దగ్గర సరుకు కొంటాడని నేను చెప్పను. మరల ఈ దారిన రాకపోవచ్చు కూడా. లాభం కోసం మాత్రమే వేసిన బల్ల అయితే, బేరం లేని రోజున దాన్ని లోపలికి లాగేస్తాము. మనిషి కోసం వేసిన బల్ల అయితే, వాన వెలిసేదాకా అక్కడే ఉంటుంది.

శ్రోతలారా, మబ్బులు కమ్మక ముందే, ఈ దినమే మీ గడప దగ్గర నిలబడి చూడండి. తడిసి వచ్చినవానికి అక్కడ ఏమి కనబడుతుంది? ప్రభువు మీ చేతిపనిని దీవించును గాక. ఆమేన్.