బిగించి, కొంచెం వదలండి



ఈ దినము ట్రాక్టరు ముందు ఇరుసును గూర్చి కొన్ని మాటలు ఆలోచించుదాము. ఇదేమి అంశము అని అనుకోకండి. పరిశుద్ధ గ్రంథములో ఇరుసుకు కూడ చోటున్నది. మొదటి రాజుల గ్రంథము 7వ అధ్యాయములో, సొలొమోను మందిరపు తొట్లను మోసిన ఇత్తడి పీఠముల చక్రములు, ఇరుసులు కూడ వివరముగా వ్రాయబడ్డాయి. రెండవ శతాబ్దములో జస్టిన్ అను క్రైస్తవ రచయిత, యేసుప్రభువు వడ్రంగిగా నాగళ్లు, కాడులు చేసెనని వ్రాసినాడు. రైతు పనిముట్టు ప్రభువుకు పరాయిది కాదు.

పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు 1963 జూలై 26న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. ఆ కాకతీయ కాలువ నీళ్లతో పూర్వపు కరీంనగర్ జిల్లాలో ఎన్నో ఊళ్లలో వరి పండుతున్నది. కరిగెట దున్నేటప్పుడు ట్రాక్టరు ముందు చక్రాలు గంటల తరబడి బురదనీళ్లలోనే తిరుగుతాయి. ఆదిలాబాద్ వైపు పోతే నల్లరేగడిలో పత్తి. అక్కడ మట్టి ముద్దలై ఇరుసుకు అంటుకుంటుంది. సీల్ కొంచెం అరిగితే చాలు, బురదనీరు లోపలి బేరింగును చేరుతుంది. పైకి ఏమీ కనబడదు. రంగు మెరుస్తూనే ఉంటుంది.

కొందరు ఏమి చేస్తారు? పాత గ్రీజు మీదనే కొత్త గ్రీజు పూస్తారు. కాని గ్రీజులో కలిసిన ఇసుక ఆకురాయిలాగ ఇనుమును తింటుంది. పైపూత పనికిరాదు. విప్పవలసిందే.

ఇంటి ముందర ఈ పని చేసుకొనే అన్నలారా, జాగ్రత్తగా వినండి. ముందుగా చదునైన చోట బండి నిలిపి, వెనుక చక్రాలకు రాళ్లు అడ్డము పెట్టండి. జాక్ ఎత్తిన తరువాత ఇరుసు కింద గట్టి దిమ్మె పెట్టండి. జాక్ ఒక్కదాన్ని నమ్మి కింద చెయ్యి పెట్టకూడదు. చక్రము తీసి, మూత తీసి, స్ప్లిట్ పిన్ను లాగి, నట్టు విప్పితే హబ్ బయటికి వస్తుంది. లోపల ఒకటి, బయట ఒకటి, రెండు బేరింగులు ఉంటాయి. విప్పినవాటిని శుభ్రమైన గుడ్డ మీద వరుసగా పెట్టండి. కుడివైపువి ఎడమవైపు వాటితో కలపకండి. డీజిల్‌తో కడిగి ఆరబెట్టండి, దగ్గర బీడీ గాని నిప్పు గాని ఉండకూడదు. రోలర్లు నీలిరంగు తిరిగినా, గుంటలు పడినా, బేరింగును, అది కూర్చునే కప్పును రెండింటినీ మార్చాలి.

కడగడముతో పని అయిపోయిందా? కాలేదు. కడిగి వదిలేసిన బేరింగుకు త్వరగా తుప్పు పడుతుంది. ఊడ్చి, అమర్చి, ఖాళీగా ఉంచిన ఇంటిని గూర్చి ప్రభువు చెప్పిన ఉపమానము మత్తయి 12వ అధ్యాయములో ఉన్నది. ఖాళీగా ఉన్న ఇంటికి పాత యజమాని మరి ఏడుగురిని వెంటబెట్టుకొని వచ్చినాడు. కనుక అరచేతిలో గ్రీజు తీసుకొని, రోలర్ల సందులన్నీ నిండేవరకు ఒత్తి పెట్టండి. కొత్త సీల్ వేయండి.

ఇక ముఖ్యమైన మాట బిగింపు. ఈ ఏటవాలు రోలర్ల బేరింగుకు 1898లో అమెరికాలో పేటెంటు పొందినవాడు హెన్రీ టిమ్‌కెన్, గుర్రపుబండ్లు చేసే పనివాడు. చక్రము మీద పైనుండి బరువు పడుతుంది, మలుపులో పక్కనుండి తోపు పడుతుంది. రెండింటినీ ఓర్చుకోవాలంటే ఏటవాలు రోలరు కావాలి, దానికి సరియైన బిగింపు కావాలి. అందుకే చక్రమును చేతితో తిప్పుతూ నట్టు బిగించాలి. చక్రము బరువుగా తిరిగినప్పుడు ఆగి, నట్టును కొంచెం వెనక్కి వదలాలి. ఎంత వదలాలో మీ బండి పుస్తకములో ఉంటుంది. చక్రము సులువుగా తిరగాలి గాని ఊగకూడదు. ఆ తరువాత కొత్త స్ప్లిట్ పిన్ను వేసి కొసలు వంచాలి. పాత పిన్ను మరల వేయకండి. కొంత దూరము నడిపి హబ్ మీద చెయ్యి పెట్టి చూడండి. బాగా వేడెక్కితే బిగింపు ఎక్కువైనట్టు.

ప్రియులారా, మన ఇండ్లలో జరుగుతున్నది ఇదే కాదా? చదువు, డబ్బు, పెండ్లి అని తండ్రి కొడుకును బిగించి బిగించి, లోపల కాల్చివేస్తున్నాడు. మరొక ఇంట్లో అడిగేవాడే లేడు, చక్రము ఊగుతున్నది. ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయములో పౌలు తండ్రులకు రెండూ చెప్పినాడు. పిల్లలకు కోపము రేపవద్దన్నాడు, శిక్షణ మాత్రము మానవద్దన్నాడు. బిగించండి, కొంచెం వదలండి. ఇచ్చిన మాట అనే పిన్నును వేయండి. అది చిన్నదే, అయినా నట్టు జారకుండ నిలిపేది అదే.

పత్తి ఏరే కాలములో ట్రాలీలో మన అక్కలు, చెల్లెండ్లు ఎక్కి పోతున్నారు. అది చట్టానికి విరుద్ధము, ప్రాణానికి అపాయము. వారిని ఎక్కించకండి. ఒకవేళ బండిలో నీవు ఒక్కడవే ఉన్నా, రోడ్డు మీద ఎదురుగా వచ్చేవాడు ఒకడున్నాడు. వాడు నీ హబ్ లోపల చూడలేడు. నీవు చేసిన పనిని నమ్మి వస్తున్నాడు. ఎవరికీ కనబడని చోట చేసిన నమ్మకమైన పని పొరుగువానిపట్ల ప్రేమ కాదా?

ఈ వారము మీ బండిని పరీక్షించుకోండి. మీ ఇంట్లో ఎవరిని ఎక్కువ బిగించినారో, ఎవరిని వదిలివేసినారో అది కూడ పరీక్షించుకోండి. కనబడని చోట నమ్మకముగా ఉండుటకు ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.