ఊరి రాయియే తొలి పాఠము



ఐదవ తరగతి బాలుని "రుద్రమదేవి ఎవరు?" అని అడిగినచో, కాకతీయ రాణి యని చెప్పును. "నీకెట్లు తెలిసినది?" అన్నచో, "పుస్తకములో నున్నది" అనును. "పుస్తకము వ్రాసినవారి కెట్లు తెలిసినది?" అన్నచో మౌనము వహించును. చరిత్రబోధన ఆ మూడవ ప్రశ్నతోనే ఆరంభము కావలెను.

రుద్రమ 1295 ప్రాంతము వరకు పాలించెనని పూర్వము పలువురు చరిత్రకారులు వ్రాసిరి. నల్లగొండ జిల్లా చందుపట్ల గ్రామములోని శాసనము ఆ మాటను సవరించినది. రుద్రమదేవియు, ఆమె సేనాని మల్లికార్జునుడును మరణింపగా, వారికి పుణ్యము కలుగునట్లు పువ్వుల ముమ్మడి యను సేవకుడు 1289 నవంబరులో దేవునికి భూమి నిచ్చి వేయించిన శాసనమది. పెద్ద గ్రంథముల పొరపాటును ఒక పల్లెలోని రాయి దిద్దినది.

అన్ని యేండ్ల దూరము పసిమనస్సున కెట్లందును? తరమునకు ఇరువదియైదేండ్ల చొప్పున లెక్కించినచో, రుద్రమ కాలము నేటికి సుమారు ముప్పది తరముల దూరము. ముప్పదిమంది పిల్లలను వరుసగా నిలిపి, ఒక్కొక్కరు ఒక్కొక్క తరమని చెప్పినచో, చివరి పిల్లవాడు రుద్రమ కాలమున నిలుచును. పట్టికలు వల్లె వేయించుటకంటె ఇది మేలు.

కర్నల్ కాలిన్ మెకంజీ కొరకు కావలి సోదరులును, వారి సహచరులును ఊరూర తిరిగి, కరణముల కవిలెలు చూచి, వృద్ధుల మాటలు విని కైఫియత్తులు సేకరించిరి. మెకంజీ 1821లో మరణించెను; ఆ వ్రాతలు నేటికిని నిలిచియున్నవి. అందు కన్నవియు కలవు, విన్నవియు కలవు. ఆ రెండింటిని వేరుచేయు వివేకమును పిల్లలకు నేర్పవలెను. చెరువు భూతములు త్రవ్వినవని అవ్వ చెప్పినచో నవ్వరాదు, కథగా వ్రాసికొనవలెను. తూముకడ రాతిపై అక్షరములున్నచో సాక్ష్యముగా వ్రాసికొనవలెను.

శాసనములకు సున్నము పూయుటయు, వానిపై బట్టలుదుకుటయు, వానిని పగులగొట్టి పునాదులలో వేయుటయు పలుచోట్ల జరిగినవి. అట్లు చేసినవారు దుర్మార్గులు కారు. ఆ రాయి ఏమి చెప్పుచున్నదో బాల్యమున వారికెవ్వరును చెప్పలేదు. కాలిన కాగితమునకు నకలుండవచ్చును. పగిలిన శాసనమునకు నకలు లేకపోవచ్చును.

కావున ఉపాధ్యాయులు నెలకొక దినము పిల్లలను చెరువుగట్టునకు, గుడిముంగిటికి కొనిపోవలెను. పిల్లలు చూచినదానిని, పెద్దలవలన విన్నదానిని, చెప్పినవారి పేరుతోను తేదితోను నోటుపుస్తకమున వ్రాయవలెను. రజతోత్సవము జరుపుకొను ఈ గ్రంథాలయపు బీరువాలో, మహాకావ్యముల సరసనే ఆ చిన్న పుస్తకమునకును చోటు కల్పింపవలెను. రాబోవు తరముల వారికి ఈ ఊరిని గూర్చి సాక్ష్యము చెప్పునది అదియే.