మన చేతిపనులు – మన సంఘము

(శతవార్షికోత్సవ సభలో సంఘసభ్యుల పక్షమున చేసిన ప్రసంగ పాఠము)



నూరేండ్ల పండుగలో బిషప్పులను గురించి, మిషనరీలను గురించి, కట్టిన దేవాలయములను గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు. అది తగినదే. మాకు మాత్రం పెద్దలు వేరొక విషయము అప్పగించారు. ఈ నూరేండ్లలో మన సంఘములోని వారు ఏయే పనులు చేసి బ్రతికారు? ఆ పనులను గురించి వారికి ఏమనిపించింది? మేము గురువులము కాము. ఆరు రోజులు పనిచేసి ఏడవ రోజున గుడిలో కూర్చునేవాళ్లము. కాబట్టి మాకు తెలిసినంత మట్టుకు చెబుతాము.

ఈ ప్రసంగము కొరకు మేము మా పాస్టరేటులోని పాత బాప్తిస్మపు రిజిస్టర్లు తీసి చూశాము. బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఊరు, వాటి ప్రక్కన తండ్రి వృత్తి అని ఒక గడి. పాత పుటలలో ఆ గడి నిండుగా ఉన్నది. కూలి, పాలేరు, తోలుపని, బొగ్గుపని, రైల్వే గ్యాంగు, వంట, ఉపదేశి, అని నల్లసిరాతో స్పష్టంగా వ్రాశారు. క్రొత్త పుటలకు వచ్చేసరికి టీచరు, నర్సు, గుమాస్తా అని ఉన్నచోట అక్షరాలు పెద్దవిగా ఉన్నాయి. కూలి చేసుకునే వారి దగ్గర ఆ గడి చాలాచోట్ల ఖాళీగా ఉన్నది. వ్రాసేవారు అడగలేదో, చెప్పేవారు చెప్పలేదో తెలియదు. ఆ ఖాళీ గడిని గురించే మేము ఈ పూట మాట్లాడదలచాము.

1912 డిసెంబరు 29న వేదనాయకం సామ్యేలు అజరయ్యగారు దోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందారు. ఆంగ్లికన్ సంఘములో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయన. ఆయన మందలో చేరినవారిలో ఎక్కువమంది భూమి లేనివారు. దొరల పొలాలలో నాట్లు వేసి, కలుపు తీసి, కోతలు కోసి, తమ ఇంట్లో మాత్రం గటక త్రాగినవారు. కొందరిది తోలుపని. సున్నము వేసి వెంట్రుక ఊడదీసి, తంగేడు చెక్క నీటిలో లందలో నానబెట్టి, తోలును పదును చేసేవారు. ఊరంతటికీ చెప్పులు వారివే, మోటబావికి తోలుబొక్కెన వారిదే. ఆ బొక్కెన లేనిదే బావిలోని నీరు పొలానికి ఎక్కేది కాదు. పంట ఇంటికి వచ్చినప్పుడు కళ్లములో మేర కొలిచేవారు. కాని ఆ తోలుతో తోడిన నీరు పొలానికి పనికివచ్చింది, దానిని కుట్టిన మనిషి మాత్రం ఊరి బావి దగ్గరకు పనికిరాలేదు. ఆ బాధ మన పెద్దలకు తెలుసు.

ఈ ప్రాంతములో బ్రతుకు మార్చినవి రెండు: బొగ్గు, రైలు. 1871లో ఇల్లెందు దగ్గర డాక్టర్ కింగ్ బొగ్గు కనుగొన్నాడు. 1889లో తవ్వకము మొదలైంది. 1920లో ఆ కంపెనీకి సింగరేణి అని పేరు వచ్చింది. దొర పొలములో వెట్టి చేయలేక పల్లె విడిచినవారికి బొగ్గుబాయి దిక్కయింది. తట్టా చెమ్మసు పట్టి బొగ్గు నింపినవారు మనలో ఎందరో. బాయిలో దిగేటప్పుడు భయము, పైకి వచ్చి వెలుతురు చూసినప్పుడు స్తోత్రము, నెల తిరిగి జీతము చేతిలో పడినప్పుడు మగవానినన్న ధైర్యము – ఈ మూడూ కలిసినదే ఆ పని అని మా తండ్రులు చెప్పేవారు. ఆ జీతముతోనే మేము చదువుకున్నాము.

ఇక స్త్రీలు. తండ్రి వృత్తికి గడి ఉన్నది కాని తల్లి పనికి గడి లేదు. దుమ్ముగూడెములో మిషనువారు స్త్రీలకు లేసు అల్లిక నేర్పారు. గోదావరి దిగువన నరసాపురములో ఇంటింటా లేసు అల్లేవారు. అక్కడి స్త్రీలను గురించి మరియా మీస్ అనే పరిశోధకురాలు 1982లో ఒక పుస్తకము ప్రచురించింది. రోజులో ఎన్నో గంటలు అల్లి, ఆ అల్లిక విదేశాలకు ఎగుమతి అవుతున్నా, వారిని ఇంట్లో ఊరికే కూర్చున్న గృహిణులుగానే లెక్క వేశారని ఆమె చూపింది. మన తల్లుల సంగతీ అంతే. నాట్లు వేసి, మిరప ఏరి, పత్తి ఏరి, ఇంటికి వచ్చి వండి, వండే బియ్యములో పిడికెడు దేవుని కొరకు తీసిపెట్టిన అమ్మను “మీ అమ్మ ఏమి చేస్తుంది?” అని అడిగితే, “ఏమీ చేయదు, ఇంట్లోనే ఉంటుంది” అని మనమే చెప్పాము.

సహోదరులారా, ఒక మాట ఒప్పుకుందాము. బయటివారు మన పనులను చిన్నచూపు చూశారు, నిజమే. తరువాత మనమే చూడడం నేర్చుకున్నాము. బిడ్డ చదవకపోతే “గొడ్లు కాచుకుంటావురా” అని బెదిరిస్తాము. అదే బిడ్డకు ఆదివారపు బడిలో గొర్రెలు కాచిన దావీదు కథ, పశువులు కాచిన ఆమోసు కథ చెబుతాము. పసివాడు ఏది నమ్మాలి?

మా సంఘములో ఒక పిల్లవాడు కాలేజీ దరఖాస్తులో తండ్రి వృత్తి దగ్గర ‘బిజినెస్’ అని వ్రాశాడు. తండ్రి బస్టాండు ప్రక్కన గొడుగు క్రింద కూర్చుని చెప్పులు కుట్టేవాడు. ఆ సంగతి తెలిసి మేము పిల్లవానిని మందలించబోతే ఆ తండ్రి ఆపాడు. “వాణ్ణి అనకండయ్యా. గుడిలో మీరెవరైనా నన్ను ఏ పని చేస్తావని అడిగారా? మీరు అడగనిది వాడెందుకు చెబుతాడు?” అన్నాడు. మాకు జవాబు లేకపోయింది.

అతని మాట నిజము. కోతకాలపు పండుగలో ఉద్యోగస్థుని కానుక మొత్తము పేరుతో సహా మైకులో చదువుతాము. కూలికి పోయే అమ్మ చెంగున ముడి విప్పి వేసిన నోటు సంచిలో చప్పుడు లేకుండా పడిపోతుంది. కమిటీ ఎన్నికలలో “ఉద్యోగమున్నవాడైతే నలుగురిలో మాట్లాడగలడు” అంటాము. పెండ్లి ప్రకటన చదివేటప్పుడు డిగ్రీలు చదువుతాము. ఇవన్నీ పాపములని మేము అనము. కాని ఇవన్నీ కలిసి ఆ గడిని ఖాళీ చేశాయి.

దీనికి మనలో ఒక సులువైన జవాబు ఉన్నది: “ఏ పనీ నీచము కాదు, అన్నీ దేవుని పనులే.” వినడానికి బాగుంటుంది. మేమూ చాలాసార్లు అన్నాము. కాని ఆలోచిస్తే అది సగము నిజమే. పనిచేసే మనిషి ఎన్నడూ నీచుడు కాడు. కాని కొన్ని పనులు మనిషి చేయవలసినవి కావు.

కోలారు బంగారు గనులలో పాకీపని చేసిన తెలుగు క్రైస్తవ కుటుంబములో 1966లో పుట్టిన బెజవాడ విల్సన్‌గారి సంగతి మీలో చాలామందికి తెలుసు. ఆయన ఆ పనికి గౌరవము ఇమ్మని అడగలేదు. ఆ పనే ఉండకూడదన్నారు. అందుకొరకు దేశమంతా తిరిగారు. 2016లో ఆయనకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. ఆ పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టము, 2013లో మరొక చట్టము వచ్చాయి. అయినా మురుగు గుంతలలో దిగి ఊపిరాడక చనిపోయినవారి వార్తలు ఆగలేదు. 2023లో సుప్రీంకోర్టు అట్లా చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షల రూపాయలు ఇవ్వాలని చెప్పింది. అట్టి మనిషికి మనము “నీ పని పవిత్రమైనది” అని చెప్పి ఇంటికి పంపితే, అది ఓదార్పు కాదు, తప్పించుకోవడము.

అలాగే తండ్రి పనిని పొగిడి కొడుకును అందులోనే కట్టివేయడము మా ఉద్దేశము కాదు. తోలుపని చేసినవాని కొడుకు డాక్టరు కావాలి. బొగ్గు నింపినవాని కూతురు ఇంజనీరు కావాలి. అయితే ఆ డాక్టరు తండ్రి పేరు ప్రక్కన ఆ పని పేరు తడబడకుండా చెప్పగలగాలి. మేము కోరేది ఇదే.

ఇందుకు లేఖనములలో మనకు ఆధారము లేకపోలేదు. అపొస్తలుడైన పేతురు యొప్పేలో ఎవరి ఇంట దిగాడు? చర్మకారుడైన సీమోను ఇంట. లంద వాసన గల ఇల్లు. కొర్నేలికి దేవదూత చెప్పిన ఆనవాలు కూడా అదే. ఇంటివాని పేరుతోపాటు అతని పనినీ లూకా దాచకుండా వ్రాశాడు. మన రిజిస్టరులో ఖాళీగా వదిలిన గడిని అపొస్తలుల కార్యముల గ్రంథము నింపింది. పౌలు కొరింథులో అకుల ప్రిస్కిల్లలతో కూర్చుని డేరాలు కుట్టాడు. మన ప్రభువును ఊరివారు వడ్లవాడని పిలిచారు.

ద్రాక్షతోట ఉపమానము కూడా జ్ఞాపకము చేసుకోండి. సాయంకాలము వరకు ఆ మనుష్యులు ఎందుకు ఊరికే నిలిచి ఉన్నారు? సోమరులై కాదు, వారిని ఎవరూ కూలికి పిలవలేదు గనుక. ఖమ్మములో, వరంగల్లులో తెల్లవారగానే అడ్డామీద నిలిచేవారిని చూసినవారికి ఈ ఉపమానము వేరే వివరించనక్కరలేదు. టిఫిను డబ్బా చేత పట్టుకుని, పదింటి వరకు మేస్త్రీ పిలుపు కొరకు చూసి, తిరిగి ఇంటికి పోయేవాని మనస్సు ఎట్లుంటుందో ఆ యజమానునికి తెలుసు. మనకూ తెలియాలి.

ఎందుకంటే నేటి కాలము కూడా సులువుగా లేదు. 1990 ప్రాంతములో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవారు. ఇప్పుడు నలభై వేల చుట్టుప్రక్కల ఉన్నారు. తండ్రి పర్మనెంటు, కొడుకు కాంట్రాక్టు. ఒకే గనిలో, ఒకే దుమ్ములో పనిచేసినా జీతము ఒకటి కాదు. మిరప ఏరే కాలములో మన అక్కచెల్లెండ్రు మండే చేతులకు నూనె వ్రాసుకుని ఆదివారము గుడికి వస్తారు. మన ఆడబిడ్డలు నర్సులై గల్ఫు దేశాలలో ఉన్నారు. వారు పంపిన డబ్బుతో ఇండ్లు లేచాయి. ఆ ఇండ్లలో వారు నిద్రించే రాత్రులు మాత్రము సంవత్సరానికి కొద్దే. డిగ్రీలు చేతపట్టుకుని ఏ పనీ దొరకని యువకులు వెనుక వరుసలో కూర్చుని, ఆశీర్వాదము కాకముందే బయటకు వెళ్లిపోతున్నారు. “ఏం చేస్తున్నావు బాబూ?” అని ఎవరైనా అడుగుతారని వారి భయము. ఒకప్పుడు పని పేరు చెప్పడానికి సిగ్గు. ఇప్పుడు పని లేదని చెప్పడానికి సిగ్గు.

మరి సంఘము ఏమి చేయగలదు? పొరుగున మెదకులో 1914 నుండి 1924 వరకు చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు కట్టించిన గుడి, కరువుకాలములో పనిచూపి వేలమందికి అన్నము పెట్టిందని మనమందరము గొప్పగా చెప్పుకుంటాము. భిక్ష వేయక పని ఇచ్చారు. మంచిదే. కాని నేడు మన గుడిలో పనిచేసేవారి సంగతేమి?

ఇక్కడ మా తప్పు మేము చెప్పుకోవాలి. మా సంఘములో గంట కొట్టి, చాపలు పరచి, సమాధుల తోట శుభ్రముచేసే అన్నకు మూడు నెలల జీతము బాకీ పడింది. అదే మూడు నెలలలో మేము క్రొత్త సౌండు సెట్టు కొన్నాము. ఆయన అడగలేదు. మేము ఇవ్వలేదు. ఒక ఆదివారము యాకోబు పత్రికలోని పాఠము వచ్చింది. బిగబట్టిన కూలి మొరపెట్టుచున్నదన్న చోట చదివేవాని గొంతు ఆగింది. చదివేది మాలో ఒకడే, బాకీపడ్డ కమిటీలో కూడా ఉన్నవాడే. ఆ సాయంత్రము కమిటీ కూర్చుని బాకీ తీర్చింది. సంతోషించవలసిన సంగతి కాదిది, సిగ్గుపడవలసినది. దాసులు మనస్ఫూర్తిగా పనిచేయాలన్న కొలొస్సయుల వాక్యము పనివారికి వినిపించడము మనకు బాగా వచ్చు. దాని వెనువెంటనే యజమానులు న్యాయమైనది ఇవ్వాలని ఉన్న మాట దగ్గర పుస్తకము మూస్తాము.

కాబట్టి ఈ నూరేండ్ల పండుగలో మేము మూడు మనవులు చేస్తున్నాము. మొదటిది: ప్రతి పాస్టరేటులో సంఘపు పనివారికి జీతము ముట్టిన తరువాతనే రంగులకు, దీపాలకు ఖర్చు వ్రాయాలి. రెండవది: కోతకాలపు పండుగలో మొత్తములు చదవడము మాని, ఏ పని చేసేవారు ఏమి తెచ్చారో చదవాలి. హమాలీ, ఆటో డ్రైవరు, నర్సు, మిరప ఏరే అమ్మ, అందరి పనులూ ఆ మైకులో ఒక్కసారి వినబడాలి. పని లేనివారి కొరకు, వారు వింటుండగా, ప్రార్థన చేయాలి. మూడవది చాలా చిన్నది. బాప్తిస్మపు రిజిస్టరులో ఆ గడిని ఖాళీగా వదలకండి. దాని ప్రక్కన తల్లి పనికి కూడా ఒక గడి గీయండి.

ఆ చెప్పులు కుట్టే సహోదరుడు ఇప్పుడు పెద్దవాడైనాడు. కుమారుడు ఉద్యోగములో ఉన్నాడు. మొన్న మనుమని బాప్తిస్మమునకు వచ్చినప్పుడు మేము రిజిస్టరు తెరచి, తాతగారి పని ఏమని వ్రాయమంటారని ఆ కుమారుని అడిగాము. ఆ గడిలో తాత వృత్తి వ్రాయవలసిన అవసరము లేదు. అయినా అడిగాము. కొంచెము సేపు ఊరుకుని, “చెప్పులు కుట్టేవాడని వ్రాయండి” అన్నాడు. ప్రక్కన నిలిచిన తండ్రి ఏమీ అనలేదు, కండ్లు తుడుచుకున్నాడు. మార్జినులో అట్లే వ్రాశాము.

 మన పనులను ఎరిగిన దేవుడు మన సంఘమును దీవించును గాక. ఆమేన్.