మూడు వేసవుల నీరు

(వనమహోత్సవ సందర్భంగా దేవస్థాన ప్రాంగణంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ ఉదయం ప్రాంగణంలోనికి వస్తూ, వృక్షదానానికి రసీదులు వ్రాస్తున్న బల్ల వద్ద కొంతసేపు నిలబడ్డాను. వరుసలో ఉన్నవారిలో ఎక్కువమంది రావి కావాలన్నారు. కొందరు మర్రి అడిగారు. ఒక తల్లి తన కుమారునిది రోహిణీ నక్షత్రమని చెప్పి నేరేడు మొక్కకు వ్రాయించుకున్నారు. పలకపై పేరు ఎలా ఉండాలో, ఇంటిపేరు ముందుండాలో వెనుకుండాలో అందరూ ఎంతో శ్రద్ధగా చెప్పారు. వచ్చే వైశాఖంలో ఆ మొక్కకు నీరు ఎవరు పోస్తారని మాత్రం ఎవరూ అడగలేదు. మూడేళ్ల క్రితం ఇదే బల్ల వద్ద నిలబడి నేనూ అడగలేదు.

నిర్వాహకులు నన్ను పురాణాలలోని వృక్షమహిమను గురించి మాట్లాడమన్నారు. ఆ విషయాన్ని కొంత దాటి వెళుతున్నందుకు మన్నించగలరు. పదిమంది పుత్రులకు ఒక వృక్షం సమానమని మత్స్యపురాణం చెప్పిన మాట మీరెన్నోసార్లు విన్నదే. ఉపాధ్యాయునిగా ఉన్న కాలంలోనూ, విశ్రాంతి పొందిన తరువాతా దానిని నేను ఎన్ని సభలలో చెప్పానో నాకే లెక్క లేదు. అయితే బిడ్డతో పోల్చినప్పుడు పెంపకం కూడా ఆ పోలికలోనే ఉన్నదన్న సంగతి నాకు తట్టినది మొన్నటి కార్తికంలో, ఈ కొండ వెనుక ఒక పూట నడిచినప్పుడు మాత్రమే.

మా తండ్రిగారిది పుష్యమీ నక్షత్రం. పుష్యమికి రావి అని మీకు తెలుసు. ఆయన కాలం చేసిన మరుసటి ఏడు, ఆయన పేరున ఒక రావి మొక్కకు సొమ్ము చెల్లించాను. పలక వ్రాయించాను. నాటే రోజున పాదులో మూడు దోసిళ్ల మన్ను వేసి, ఛాయాచిత్రం తీయించుకొని ఊరు చేరాను. ఆ తరువాత నాలుగైదు పర్యాయాలు స్వామి దర్శనానికి వచ్చినా, కొండ వెనుకకు వెళ్లాలన్న ఆలోచన కలుగలేదు. ఎండ ఎక్కువగా ఉన్నదనో, బస్సు వేళ అయినదనో ఏదో ఒక కారణం ఉండేది.

పోయిన కార్తికంలో ఒక ఆదివారం నాడు మా కుటుంబమంతా వనభోజనానికి ఆ క్రొత్త వనానికే వచ్చాం. ఉసిరిచెట్టు నీడన భోజనం చేయాలన్నది ఆచారం కదా! అక్కడి ఉసిరి మొక్క మా మనుమరాలి నడుము వరకైనా లేదు. దానికి పసుపు కుంకుమలు సమర్పించి, షామియానా క్రింద విస్తళ్లు పరచుకున్నాం. పులిహోర వడ్డిస్తూ ఉండగా ఆ పిల్ల, “తాతయ్యా! వనం ఎక్కడుంది?” అని అడిగింది. ఎదుట కనిపిస్తున్నదే వనమని చెప్పాను. నమ్మినట్లు లేదు.

భోజనానంతరం ఆ పిల్లను వెంటబెట్టుకొని నడవడం మొదలుపెట్టాను. క్రొత్తగా నాటిన వనంలో నడక వేరు. అందులో నీడ ఉండదు, పైకి చూడవలసినదేమీ ఉండదు. కనుక దృష్టి అంతా నేల మీదనే నిలుస్తుంది. వాలుకు అడ్డంగా త్రవ్విన కందకాలలో ఆ సంవత్సరపు వానలు తెచ్చిన మెత్తని ఒండ్రు చేరి ఉన్నది. ఆ ఒండ్రుమట్టిలో ఎవరూ విత్తని వేప మొలకలు నాలుగు కనిపించాయి. ప్రతి మొక్కకూ పల్లపు వైపున అర్ధచంద్రాకారంలో రాళ్లు పేర్చారు. కొండ మీద నుండి జారివచ్చే నీరు అక్కడ ఒక క్షణం నిలిచి ఇంకుతుంది. మేకలు రాకుండా కొన్నింటికి ముళ్లకంప చుట్టారు. కానుగలు ఏపుగా ఉన్నాయి. రేలలు ఫరవాలేదు. బోదగడ్డి మాత్రం ఎవరి రక్షణా అక్కరలేకుండా నడుమెత్తున పెరిగి సువాసన వెదజల్లుతున్నది. ఆ గడ్డి ఎండిన తరువాత ఒక్క బీడీ ముక్క చాలు, కొండంతా అంటుకోవడానికి. ఈ మాట యాత్రికులు దయచేసి గుర్తుంచుకోవాలి.

నడచి నడచి పలకలున్న వరుసకు చేరాం. మనుమరాలు లెక్క పెట్టింది. ఆ వరుసలో ముప్పై పలకలు, పంతొమ్మిది మొక్కలు. మా తండ్రిగారి పలక చెక్కు చెదరకుండా ఉన్నది. ఎదుట రావి లేదు. దాని స్థానంలో మోకాలెత్తున ఒక ముళ్లమొక్క ఉన్నది.

ఆ వరుసలో పాదులు సరిచేస్తున్న ఒక వృద్ధురాలు నన్ను చూచి లేచి వచ్చింది. ఏమమ్మా, ఇక్కడి రావి ఏమైనదని అడిగాను.

“మొదటి ఎండాకాలమే పోయింది సామీ. ఈడ మూరెడు తవ్వితే రాయి. అది చూస్తే మనిషెత్తు మొక్క. ఏరు సంచిలోనే చుట్టలు చుట్టుకొని ఉండె, కిందికి యాడ దిగుతాది?”

“నీరు పోయలేదా?”

“చిత్ర నెల దాకా పోసినాం. ఆ తర్వాత కూలికి దుడ్లు లేవన్నారు. వైశాఖంలో నెల దినాలు చుక్క పోయలేదు. ఆ నెలే పోయినాయి అన్నీ.”

నాకు కోపం వచ్చిన మాట నిజం. దాత ఇచ్చిన సొమ్ము ఏమైనదని అడగాలనుకున్నాను. అడగబోయి, జేబులో మడచి ఉంచుకున్న పాత రసీదు తీసి చూచాను. మొక్కకు ఇంత, పలకకు ఇంత అని స్పష్టంగా వ్రాసి ఉన్నది. నీటికని అందులో ఏమీ లేదు, నేను ఇవ్వలేదు. ఏ పద్దుకు ఇచ్చిన సొమ్మును ఆ పద్దుకే వ్యయం చేయడం ధర్మసంస్థకు విధి. వారు పలకకు ఇచ్చిన సొమ్ముతో పలక చేయించారు. అది నేటికీ నిలిచి ఉన్నది.

ఆమె ఆ గుంతలో పెట్టినది కలివి మొక్క. ఆ మరుసటి తొలకరికి పైవాలున రాలిన పండ్ల గింజలు తెచ్చి మొలిపించి నాటానని చెప్పింది. నిజం చెప్పవలసి వస్తే, ముందు నా మనసు చివుక్కుమన్నది. అశ్వత్థం ఉండవలసిన చోట ముళ్లపొదా అనిపించింది. కానీ చుట్టూ చూస్తే, రెండు వేసవులు దాటి నిలిచినవన్నీ అటువంటివే. బిల్లుడు, చండ్ర, రేగు, కలివి. ఏడాదికి ఐదారు వందల మిల్లీమీటర్ల వానతో, మూరెడు మట్టితో బ్రతకడం ఎలాగో తరతరాలుగా నేర్చినవి. పొదలని మనం చిన్నచూపు చూస్తాం గాని, మన కడప జిల్లాలోని లంకమల ప్రాంతపు పొదలలోనే 1986లో కలివికోడి మళ్లీ కనిపించింది. ప్రపంచం నుండి అంతరించినదని పక్షిశాస్త్రజ్ఞులు దశాబ్దాలుగా భావించిన పక్షి అది. దాని ఉనికికి ఆధారం మహావృక్షాలు కావు, ఈ ముళ్లపొదలే. అక్కడి అభయారణ్యానికి లంకమల్లేశ్వరస్వామి పేరే పెట్టారు.

రావి ఈ నేలకు తగదని నేను అనడం లేదు. మన గాలిగోపురం మీద రాతి సందులో మొలిచిన రావిని ఏటా పీకించవలసి వస్తున్నదని కార్యాలయం వారినడిగితే చెబుతారు. పక్షి రెట్టలో పడిన గింజ, పడిన చోటనే వేరు దించి, అక్కడి తేమ ఎంతో తెలుసుకొని, అంత మేరకే ఆకు వేస్తుంది. మనమో, చూడముచ్చటగా ఉన్నదని రెండు మూడేళ్లు సంచిలో పెరిగిన పొడవాటి మొక్కను ఎంచుకుంటాం. దాని ఆకులు ఎక్కువ, వేరు చుట్టలు చుట్టుకొని తక్కువ. చిన్న మొక్క ఛాయాచిత్రంలో కనబడదు గాని, వేసవిలో అదే గట్టెక్కుతుంది.

ఇంటికి వెళ్లి వరాహమిహిరుని బృహత్సంహిత తీశాను. అందులో వృక్షాయుర్వేదాధ్యాయం ఒకటి ఉన్నది. గృహనిర్మాణం, శకునాలు అని ఆ గ్రంథాన్ని తిరగవేస్తాం గాని, ఆ అధ్యాయం వద్ద ఆగేవారు తక్కువ. చెట్టుకూ చెట్టుకూ మధ్య ఇరవై మూరల దూరం ఉత్తమం, పదహారు మధ్యమం, పన్నెండు అధమం అని లెక్క చెప్పాడు. దగ్గర దగ్గరగా పుట్టి, వేళ్లు పెనవేసుకున్న చెట్లు సరిగా ఫలించవని కారణం కూడా చెప్పాడు. నీటి విషయంలో మరింత నిర్దిష్టంగా ఉన్నాడు. గ్రీష్మంలో సాయంప్రాతఃకాలాలు రెండు పూటలా, చలికాలంలో దినం విడిచి దినం, వానకాలంలో నేల ఎండినప్పుడు పోయాలన్నాడు. ఏ పుణ్యానికని కాదు, మొక్క బ్రతకడానికి. కాళిదాసు శకుంతల మొక్కలకు పోయనిదే తాను నీరు ముట్టదని పాఠం చెప్పిన రోజులలో నేను దానిని కోమలహృదయానికి ఉదాహరణగా వివరించేవాడిని. అందులో ఒక దినచర్య ఉన్నదని అప్పట్లో గమనించలేదు.

దేవాలయం కోసం అడవినే నాటి, దానిని నిలబెట్టినవారి కథ ఒకటి చెబుతాను. జపాను రాజధాని టోక్యో నడుమ మెయిజీ జింగూ అనే పుణ్యక్షేత్రం ఉన్నది. మెయిజీ చక్రవర్తి స్మృత్యర్థం 1920లో దానిని ప్రతిష్ఠించారు. చుట్టూ సుమారు 70 హెక్టార్ల దట్టమైన అడవి. అది సహజారణ్యం కాదు. ఆ దేశం నలుమూలల నుండి ప్రజలు సుమారు లక్ష చెట్లను సమర్పించగా, లక్షమందికి పైగా యువకులు స్వచ్ఛందంగా వచ్చి శ్రమించి నాటినది. అప్పటి ప్రధానమంత్రి ఓకుమా షిగెనొబు, దేవస్థలానికి గాంభీర్యం కావాలంటే నిటారైన సుగి వృక్షాలే ఉండాలన్నాడు. వనశాస్త్రజ్ఞుడు హోండా సెయిరోకు, ఆయన సహచరులు అంగీకరించలేదు. ఆ నేలలో, ఆ నగరపు పొగలో సుగి నిలువదని, ఓక్, కర్పూరవృక్షం వంటి అక్కడి వాతావరణానికి తగిన సతతహరిత వృక్షాలే తరతరాలు నిలుస్తాయని నచ్చజెప్పారు. నూరేళ్లకు పైబడిన కాలాన్ని దృష్టిలో ఉంచుకొని ప్రణాళిక వేశారు. ఆ అడవిని పూర్తిగా చూడలేమని వారికి తెలుసు. నేటికీ అక్కడ దారిలో రాలిన ఆకులను ఊడ్చి పారవేయరు, కాల్చరు. తిరిగి అడవి నేల మీదనే వేస్తారు. మన వద్ద కూడా ఆకు ఊడ్చి కుప్పవేసి నిప్పు పెట్టే అలవాటు మానితే, ఆ మూరెడు మట్టి కొంత పెరుగుతుంది.

1950లో కేంద్రమంత్రి కె. ఎం. మున్షీ వనమహోత్సవాన్ని ప్రారంభించిన నాటి నుండి ప్రతి జూలైలో దేశమంతటా మొక్కలు నాటుతూనే ఉన్నాం. కొన్ని చోట్ల పోయినేడు నాటిన గుంతలోనే నాటుతున్నాం. గుంత త్రవ్వే శ్రమ తగ్గుతుంది కాబోలు.

ఈ వైశాఖంలో నేను రెండు వారాలు ఇక్కడే సత్రంలో ఉన్నాను. మా తండ్రిగారి వరుసకు నీరు నేనే పోస్తానని ఆమెతో చెప్పాను. తొట్టి వద్ద నుండి ఆ వరుస వరకు రెండు వందల అడుగుల పైచిలుకు, అదీ ఎగువకు. సూర్యుడు పైకి రాకముందే మొదలుపెట్టాను. మొదటి రోజు ఆరు బిందెలు మోసి, ఏడవ దానిని సగం దారిలో దించి కూర్చున్నాను. డెబ్బైయ్యవ పడిలో ఉన్నవాడిని, ఆశ్చర్యమేమీ లేదు. కానీ ఆమె వయసు కూడా నాకంటే పెద్దగా తక్కువ కాదు. ప్రతిరోజూ అంతకు ఎన్నో రెట్లు మోస్తుంది. వారం గడిచేసరికి పది బిందెలకు చేరాను. ఏ మొక్క పాదు నీరు త్వరగా పీలుస్తుందో, ఏది నిలుపుకుంటుందో తెలిసినది అప్పుడే. ఆ కలివికి రోజు విడిచి రోజు సగం బిందె చాలు.

ఒకనాడు ఆమెతో, ఈ పలక తీసివేయిద్దామమ్మా, మొక్క మారినది కదా అన్నాను.

“వద్దు సామీ,” అన్నది. “గడ్డి పెరిగితే ఇంత చెట్టు యాడుందో కనపడదు. పలక చూసుకునే కదా నేను నీళ్లు పోసేది.”

అందువలన పలక అలాగే ఉన్నది. నేను ఈ సంవత్సరం క్రొత్త మొక్కకు వ్రాయించుకోలేదు. ఆ వరుస మొత్తానికి రానున్న మూడు వేసవుల నీటి కూలికి సొమ్ము కట్టాను. ఖాళీగా ఉన్న పదకొండు గుంతలలో ఏది నాటాలో ఆమెను, తోటపనివారిని నిర్ణయించమన్నాను. నా విన్నపాన్ని మన్నించి కార్యాలయం వారు ఈ ఉదయం నుండి రసీదు పుస్తకంలో నీటికి వేరుగా ఒక పద్దు తెరిచారు. ఇప్పటికే రావికి, నేరేడుకు వ్రాయించుకున్నవారు వాటిని మార్చుకోనక్కరలేదు. దిగువన వాగు ఒడ్డున మట్టి లోతుగా ఉన్నది. నేరేడు అక్కడ హాయిగా పెరుగుతుంది. మొక్కను ఎక్కడ నాటుతున్నారో, చిన్నదా పెద్దదా అని అడగండి. వేసవి నీటికి కూడా కొంత వ్రాయించండి. వీలైతే మేలో ఒక్కరోజు రండి.

స్వామివారి ప్రసాదం స్వీకరించిన తరువాత, ఎండ తగ్గాక నాలుగు గంటలకు నేను కొండ వెనుకకు వెళుతున్నాను. రాదలచినవారు ఉత్తర ద్వారం వద్దకు రావచ్చు. ద్వారం దాటగానే చెప్పులు వేసుకోండి. దారిలో పల్లేరుకాయలు ఎక్కువ.