గోస్తని వెంట సైకిల్ మీద

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను రోడ్ల గురించి మాట్లాడమన్నారు. ఇంజినీరు రోడ్ల గురించి మొదలెడితే కంకర, తారు, టెండర్లు దాటి ముందుకు కదలడు. మీరేమో భోజనాల షామియానా వైపు చూస్తుంటారు. అందుకని అదే రోడ్డు సైకిల్ సీటు మీంచి ఎలా కనబడుతుందో చెప్తాను.

ఒకవైపు సముద్రం, ఇంకోవైపు కొండలు ఉన్న దారి కోసం సైకిల్ సరదా ఉన్నవాళ్ళు విమానాలెక్కి పోతున్నారు. మనకు ఆ దారిని ఒక ఏరే చూపిస్తుంది. గోస్తని అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లోంచి పారి, తాటిపూడి జలాశయంలో కాసేపు ఆగి, భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. మొత్తం సుమారు 120 కిలోమీటర్ల నడక. నీళ్ళు పైనుంచి కిందికి వస్తాయి, మనం కిందినుంచి పైకి పోవాలి. గట్టు వెంబడే రోడ్డు ఉండదు. కలుస్తూ, విడిపోతూ వెళ్తాం. రెండు రోజులు పెట్టుకుంటే హాయిగా ఉంటుంది. ఒక్కరోజులో కొట్టేసే కుర్రాళ్ళున్నారు. వాళ్ళకు గడియారం తప్ప ఏమీ కనబడదని నా అభిప్రాయం.

విశాఖ ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా పాతిక కిలోమీటర్ల పైచిలుకు. బల్లపరుపు రోడ్డనుకుంటారు గానీ కాదు. తూర్పు కనుమలు ఇక్కడ సముద్రం దాకా వచ్చి కాళ్ళు కడుక్కుంటాయి. కైలాసగిరి పక్కన ఒక ఎత్తు, రుషికొండ దగ్గర ఇంకొకటి, తొట్లకొండ కింద మరొకటి. తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది కాబట్టి, వానాకాలం గాలి వెళ్ళేటప్పుడు వీపు మీద చెయ్యేసి తోస్తుంది, తిరిగొచ్చేటప్పుడు ఎదురొచ్చి వడ్డీతో వసూలు చేస్తుంది. చలికాలం ఈశాన్యపు గాలి తిరిగితే లెక్క తారుమారు. కారులో వెళ్ళేవాళ్ళకు ఈ సంగతి జన్మలో తెలియదు.

భీమిలి చేరేలోపే ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్ళుగా గాలి, వాన, సముద్రం ఎత్తుదిగుళ్ళు కలిసి పోసిన ఇసుక అది. 2014లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దీన్ని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. దయచేసి సైకిల్ బయటే స్టాండు వేసి, నడిచి వెళ్ళండి. ఆ మట్టి మీద ఒక్క టైరు జాడ పడినా వచ్చే వానకు అదే కాలవ అవుతుంది.

భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులు, పాత దీపస్తంభం చూసి, ఏరు సముద్రంలో కలిసే చోట కాసేపు నిలబడి, వెనక్కి తిరిగితే అసలు ప్రయాణం మొదలు. తగరపువలస దగ్గర జాతీయ రహదారి దాటాలి. అక్కడ సైకిల్ దిగి, నడిపించుకుంటూ దాటండి. అందులో చిన్నతనం ఏమీ లేదు. తరవాత పద్మనాభం. కొండ మీద అనంత పద్మనాభస్వామి, కొండ కింద కుంతీమాధవస్వామి. 1794 జూలై 10న కుంఫిణీ సేనతో పోరాడి విజయనగరం రాజు చినవిజయరామరాజు నేలకొరిగింది ఇక్కడే. సోషల్ మాస్టారు తేదీ బట్టీ పట్టించారు గానీ, పొలాల నడుమ ఆ మైదానంలో సైకిల్ ఆపుకుని నిలబడ్డాకే నాకు ఆ పాఠం అర్థమైంది.

పద్మనాభం నుంచి జామి మీదుగా శృంగవరపుకోట దాకా పల్లెదారులు. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, చెప్పడానికి మాత్రం ఏమీ ఉండదు. వరిమళ్ళు, మామిడి తోపులు, తాటి వరసలు, అడ్డొచ్చే గెడ్డలు, మేకల మందలు. గంటకు పదిహేను, పద్దెనిమిది కిలోమీటర్ల వేగంలో వంటింటి తాలింపు వాసన కూడా తెలుస్తుంది. ఎవరో ఒకరు ఆపి, "ఏ ఊరు బాబూ, ఎందాకా?" అని అడుగుతారు. వేసవి దగ్గరపడితే చోడి అంబలి పోస్తారు. ఓపిక ఉన్నవాళ్ళు పక్కకు తిరిగి తాటిపూడి చూసి రావచ్చు. విశాఖ నగరం తాగే నీళ్ళలో కొంత అక్కడివే.

ఎస్.కోట దాటి బొడ్డవర దగ్గరకొచ్చేసరికి కొండ ఎదురుగా గోడలా నిలబడుతుంది. ఇక్కడ కొంచెం లెక్క చెప్పనివ్వండి, మా లెక్కల మాస్టారు ముందు వరసలోనే ఉన్నారు.

కొండ రోడ్డుకు మామూలుగా నూటికి 5 పాళ్ళ వాలు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నియమం. అంటే ఇరవై మీటర్లు పోతే ఒక మీటరు ఎత్తు. మైదానం నుంచి కనుమ మీదికి సుమారు వెయ్యి మీటర్లు ఎక్కాలి. కాబట్టి తక్కువలో తక్కువ ఇరవై కిలోమీటర్ల ఎక్కుడు. రోడ్డు పాములా తిరిగేది అందానికి కాదు, ఈ ఇరవై కోసం. రైలుకు అంత వాలు కూడా పనికిరాదు. అందుకే పక్కనే పోయే కొత్తవలస-కిరండూల్ లైను సొరంగం మీద సొరంగం దూరుతూ, సిమిలిగుడ దగ్గర 996 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. గూడ్సుబళ్ళు ఖాళీగా పైకి, బైలదిల్లా ఇనుప ఖనిజంతో కిందికి. బరువు దిగేవైపు పడడం ఆ లైను అదృష్టం. మన బరువు ఎక్కేవైపే.

మనిషి, సైకిల్ కలిపి 85 కిలోలనుకుందాం. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తింటుంది. అలవాటున్న మా వయసువాడి కాళ్ళు గంటల తరబడి ఇవ్వగలిగేది నూరు, నూట పది వాట్లు. ఆ శక్తితో ఈ వాలు మీద గంటకు ఎనిమిది కిలోమీటర్లు పోతాం. మనం బడికి తెచ్చిన సైకిల్ గుర్తుందా? ముందు 44 పళ్ళు, వెనక 18. పెడల్ ఒక చుట్టు తిరిగితే సుమారు ఐదున్నర మీటర్లు పోతుంది. ఆ లెక్కన ఘాట్‌లో నిమిషానికి ఇరవైనాలుగు చుట్లే తొక్కాలి, ఒక్కొక్క చుట్టుకీ లేచి నిలబడాలి. మోకాళ్ళు ఊరుకోవు. ముందూ వెనకా 34 పళ్ళుంటే చుట్టుకు రెండు మీటర్ల చిల్లర. అప్పుడు నిమిషానికి అరవై పైన, కూర్చుని, మాట్లాడుకుంటూ ఎక్కొచ్చు. పని అంతే, శక్తి అంతే. దాన్ని చిన్న ముక్కలుగా కోసుకోవడమే గేరు చేసేది. ఖరీదైన సైకిల్ అక్కర్లేదు, వెనక పెద్ద చక్రం పళ్ళు చూసి కొనుక్కోండి.

త్యాడ దాటాక గాలి మారుతుంది. అనంతగిరి దగ్గర వెండి ఓక్ చెట్ల నీడన కాఫీ, వాటికి అల్లుకున్న మిరియం తీగలు. బొర్రాకు అరకు రోడ్డు వదిలి కిందికి దిగాలి, చూసొచ్చాక మళ్ళీ ఎక్కాలి. చాలామంది అక్కడే మనసు మార్చుకుంటారు. మార్చుకోకండి. పొద్దున భీమిలిలో ఉప్పు కలిసిన నీళ్ళని, మర్నాడు గుహ కింద రాళ్ళ మధ్య చూస్తే ఆ ఏరు మీకు చుట్టమవుతుంది. ఆవు పొదుగులాంటి రాయి నుంచి కారుతోంది కనుకే గోస్తని అని స్థానికులు చెప్తారు.

దిగేటప్పుడు ఒక్కటే జాగ్రత్త. ఎక్కడానికి ఖర్చు చేసిన శక్తిలో చాలా భాగం బ్రేకుల్లో వేడిగా దిగాలి. ఆపకుండా నొక్కి ఉంచితే రిమ్ము కాలి ట్యూబు పేలుతుంది. ముందూ వెనకా మార్చి మార్చి, వదిలి వదిలి పట్టండి.

ఇప్పుడు నా వృత్తికి సంబంధించిన మాట ఒకటి. రాజమహేంద్రవరం నుంచి పాడేరు, అరకు, ఎస్.కోట మీదుగా విజయనగరం వచ్చే 516ఇ జాతీయ రహదారిలో మన ఘాట్ కూడా ఒక భాగం. దారి వెడల్పవుతోంది, కావాలి కూడా. కొండ మీది గర్భిణిని ఆస్పత్రికి తెచ్చే వాహనానికి ప్రతి నిమిషం లెక్కే. అయితే వెడల్పయ్యే కొద్దీ వేగం పెరుగుతుంది. మైదానంలో ఏడు మీటర్ల రోడ్డుకు అటూ ఇటూ మీటరున్నర చొప్పున తారు వేసిన అంచు ఉండాలి. మా భాషలో పేవ్డ్ షోల్డర్ అంటాం. కాగితం మీద ఉంటుంది. కొన్నాళ్ళకు దాని మీద ఇసుక కుప్ప, ధాన్యం ఆరబోత, ఆగిన లారీ, టిఫిన్ బండి చేరతాయి. అప్పుడు సైకిల్ తొక్కేవాడు లారీల వరసలోకి రావాలి.

నాలాంటివాడు ఆదివారం మానేసి ఇంట్లో కూర్చుంటే ఎవరికీ నష్టం లేదు. తెల్లారకుండా కావిడంత కూరగాయల మూట వెనక కట్టుకుని వచ్చేవాడు మానలేడు. ఆ మధ్య బడికొస్తా పథకంలో హైస్కూలు ఆడపిల్లలకు ప్రభుత్వం సైకిళ్ళిచ్చింది. సైకిల్ ఇచ్చాం, తొక్కడానికి మీటరున్నర ఇచ్చామా? బడి ముందు రోడ్డును మీరే వెళ్ళి చూడండి, సాయంత్రం నాలుగున్నరకు గేటు తీసే వేళ. ఈ సభలో పంచాయతీరాజ్‌లో, రోడ్లు భవనాల శాఖలో పనిచేసేవాళ్ళు నాకు తెలిసే ఆరుగురున్నారు. బడికి రెండు వైపులా ఒక్కొక్క కిలోమీటరు అంచు ఖాళీగా ఉంచే పని మన సంఘం పట్టుకుంటే, కొలతలు, అర్జీ నేను రాసిస్తాను. పోలీసు, పంచాయతీ సంగతి మీరు చూడండి. టిఫిన్ బండివాడికి వేరే చోటు చూపించడం కూడా ఆ అర్జీలోనే ఉండాలి, లేకపోతే వారంలో మళ్ళీ అక్కడికే వస్తాడు.

ఇక ప్రయాణం. సంక్రాంతి వెళ్ళిన మొదటి ఆదివారం, పొద్దున ఐదున్నరకు భీమిలి ఏటి దగ్గర కలుద్దాం. మొదటిసారి పద్మనాభం దాకానే, ఘాట్ కాదు. యాభై దాటినవాళ్ళు ముందు డాక్టరు గారికి గుండె చూపించుకుని రండి. ముందొక దీపం, వెనకొక ఎర్రదీపం, రెండు సీసాల నీళ్ళు, ఒక ట్యూబు. హెల్మెట్ లేనివాళ్ళని నేను రానివ్వను, మాస్టార్లయినా సరే. పేర్లు భోజనాల దగ్గర రాసుకుంటాను.