ఐర్లండు యాత్ర: కాలిపోయిన పేర్లు

ఐర్లండులోని చారిత్రక స్థలములను మేము ఒక బృందముగా, మార్గదర్శి వెంట చూచితిమి.

బాయిన్ నదీ ప్రాంతమున న్యూగ్రేంజి సమాధి కలదు. దాని వయస్సు ఐదువేల యేండ్లకు పైబడినది. డిసెంబరు మాసమున, పగలు మిక్కిలి కురుచయైన దినములందు, ఉదయసూర్యుని కిరణము వాకిటిపై నున్న గవాక్షము గుండ లోపలి గదిని చేరును. డబ్లినులోని ట్రినిటీ కళాశాలలో కెల్స్ గ్రంథమును దర్శించితిమి. సుమారు క్రీ. శ. 800 ప్రాంతమున మఠవాసులు దూడచర్మముపై వ్రాసి, చిత్రించిన సువార్తలవి.

ఇంత ప్రాచీనములు నిలిచిన దేశమున, రెండువందల యేండ్ల నాటి పేర్లు నిలువలేదు. లిఫీ నది యొడ్డున ఫోర్ కోర్ట్స్ ఆవరణలోని ప్రభుత్వ పత్రాగారము 1922 జూన్ 30న అంతర్యుద్ధమున దగ్ధమయ్యెను. 1821 నుండి 1851 వరకు తీసిన జనాభా లెక్కలు చాలభాగము బూడిదయ్యెను. 1845లో మొదలైన మహాక్షామమునకు బలియైన పేదల పేర్లు పెక్కు అందే యుండినవి. తాతముత్తాతల యూరు వెదకుచు అమెరికా నుండి మా బృందమున చేరిన వృద్ధదంపతులు ఆ గోడల యెదుట చాలసేపు నిలిచిరి.

పండితులు నానాదేశముల గ్రంథాలయములలోని నకళ్లను కూర్చి, 2022లో కంప్యూటరు ద్వారా అందరికి అందించిరి. పోయినదంతయు రాలేదు. అయినను, ఎచ్చటనో ఎవరో శ్రద్ధతో దాచిన ఒక్క నకలు ఒక కుటుంబమునకు దాని యూరును తిరిగి ఈయగలదు.