చివర్లో తీసేసిన కుర్రాడే కోచ్ అయితే? హెర్బ్ బ్రూక్స్ కథ

ఐస్ హాకీ మనకెందుకు బ్రో అంటారని తెలుసు. మంచు మీద స్కేట్స్ వేసుకుని ఆడతారు, బాల్ బదులు పక్ అనే రబ్బరు బిళ్ళ ఉంటుంది. ఈ ఎపిసోడ్‌కి అంత తెలిస్తే చాలు.

1960. మిన్నెసోటా కుర్రాడు హెర్బ్ బ్రూక్స్‌కి అప్పుడు 22 ఏళ్లు. ఒలింపిక్స్ ఇంకొన్ని రోజుల్లో అనగా అమెరికా టీమ్ నుంచి అందరికన్నా చివర్లో ఇతన్నే తీసేశారు. ఆ టీమ్ గోల్డ్ కొట్టింది. ఇతను ఇంట్లో కూర్చుని టీవీలో చూశాడు.

ప్లేస్‌మెంట్స్‌లో ఫైనల్ రౌండ్‌లో పోయినవాళ్లకి ఇది బాగా అర్థమవుతుంది. నాకు హెచ్‌ఆర్ రౌండ్‌లో పోయింది, నా రూమ్మేట్‌కి వచ్చింది. వాడిచ్చిన పార్టీలో బిర్యానీ తిన్నాను కానీ రుచి మాత్రం గుర్తులేదు.

సరే, బ్రూక్స్ దగ్గరికొద్దాం. 1964, 68 ఒలింపిక్స్‌లో ఆడాడు. 1972లో తను చదివిన మిన్నెసోటా యూనివర్సిటీకే కోచ్ అయ్యాడు. అప్పటిదాకా ఆ టీమ్‌కి ఒక్క ఎన్‌సీఏఏ టైటిల్ కూడా లేదు. ఇతను ఏడు సీజన్లలో మూడు తెచ్చాడు: 1974, 76, 79.

అందుకే 1980 ఒలింపిక్ టీమ్ ఇతని చేతికిచ్చారు. అందులో ఎక్కువమంది కాలేజీ కుర్రాళ్లే. బోస్టన్ వాళ్లకీ మిన్నెసోటా వాళ్లకీ కాలేజీ రోజుల నుంచే పడదు. బ్రూక్స్ ఏం చేశాడంటే, అందరికీ కామన్ శత్రువు తనే అయిపోయాడు. నార్వేలో ఒక మ్యాచ్ డ్రా అయితే, అయిపోయిన వెంటనే మళ్లీ మంచు మీదికి తీసుకెళ్లి, లైట్లు ఆర్పేసినా ఆపకుండా పరిగెత్తించాడు. ఇది నాకైతే నచ్చలేదు. మన టీమ్ లీడ్ ఇలా చేస్తే ఆ రాత్రే నౌక్రీలో రెజ్యూమే అప్‌డేట్ చేస్తాం.

కానీ అసలు సీన్ వేరే ఉంది. ఫైనల్ లిస్ట్‌లో 20 మందికే చోటు. చివర్లో ఒకణ్ణి తీసేయాలి. ఆ మాట రాల్ఫ్ కాక్స్ అనే కుర్రాడికి చెప్పాల్సింది ఎవరు? ఇరవై ఏళ్ల కిందట అదే మాట విన్న మనిషే. తెలిసీ చెప్పాడు. చెప్పక తప్పలేదు.

ఫిబ్రవరి 22, లేక్ ప్లాసిడ్. రెండు వారాల ముందు ఇదే టీమ్‌ని 10-3తో చితక్కొట్టిన సోవియట్ యూనియన్ మీద 4-3తో గెలిచారు. కుర్రాళ్లు ఒకరి మీద ఒకరు పడి అరుస్తున్నారు. బ్రూక్స్ మాత్రం వాళ్ల దగ్గరికి వెళ్లలేదు, వెనక్కి తిరిగి లోపలికి వెళ్లిపోయాడు. రెండు రోజులకి ఫిన్లాండ్‌ని 4-2తో ఓడించి గోల్డ్ తీసుకున్నారు.

తర్వాత ఎన్‌హెచ్‌ఎల్‌లో న్యూయార్క్ రేంజర్స్‌కి కోచ్‌గా చేశాడు. అది వదిలాక ఎక్కడికెళ్లాడో చూడండి: సెయింట్ క్లౌడ్ స్టేట్ అనే చిన్న కాలేజీకి. అప్పుడది డివిజన్ 3 టీమ్. 1986-87లో ఒక్క సీజనే ఉన్నాడు. తర్వాతి ఏడాదే ఆ కాలేజీ డివిజన్ 1కి ఎక్కింది. దీని మీద సినిమా రాలేదు లెండి. 'మిరకిల్' సినిమా వచ్చింది 1980 గెలుపు మీద. అది 2004లో రిలీజైంది, అప్పటికి బ్రూక్స్ లేడు. 2003 ఆగస్టులో కారు ప్రమాదంలో పోయాడు, సీటు బెల్టు పెట్టుకోలేదు.

లేక్ ప్లాసిడ్‌లో ఆ మ్యాచ్ జరిగిన స్టేడియానికి ఇప్పుడు ఆయన పేరే. సరే ఫ్రెండ్స్, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.